పులిసిన ద్రవంలో ఆల్కహాల్ ఎంత? ఒక్క అంకెతో తేలని లెక్క

ఈస్ట్ కలిపిన చక్కెర ద్రవం కొద్ది రోజులు పులిశాక అందులో హైడ్రోమీటర్ (నీటితో పోల్చి ద్రవం సాంద్రతను చూపించే, తేలే గాజు పరికరం) వేస్తే, అది 1.000 గీత దగ్గర నిలిచిందనుకుందాం. మంచినీళ్లలో వేసినా అది అక్కడే నిలుస్తుంది. ఆ ద్రవం 1.050 దగ్గర మొదలై ఇక్కడికి దిగి ఉంటే అందులో సుమారు ఆరున్నర శాతం ఆల్కహాల్ ఉన్నట్టు. 1.020 దగ్గరే మొదలై ఉంటే రెండున్నర శాతానికి కాస్త ఎక్కువ. మంచినీళ్లయితే సున్నా. మూడు సందర్భాల్లోనూ పరికరం చూపించేది మాత్రం ఒకే అంకె.

ఇందులో పరికరం లోపమేమీ లేదు. నీటిలో చక్కెర కరిగితే సాంద్రత పెరుగుతుంది. ఆల్కహాల్ కలిస్తే తగ్గుతుంది. పులిసే ద్రవంలో ఈ రెండూ ఉంటాయి, రెండూ ఎంతెంతో తెలియదు. చేతిలో ఉన్న కొలత మాత్రం ఒక్కటే. రెండు తెలియని రాశులను ఒకే సమీకరణంతో సాధించలేమన్నది బడిలో నేర్చుకున్న పాఠమే. స్వేదనం చేసిన మద్యాల గాఢత చూసే ఆల్కహాల్‌మీటర్‌ను పులిసిన ద్రవంలో నేరుగా ముంచి, అది చూపించిన శాతాన్ని నమ్మేవాళ్లు ఈ పాఠాన్నే మరిచిపోతున్నారు. ఆ పరికరం నీరు, ఆల్కహాల్ తప్ప మరేమీ లేని మిశ్రమానికే పనికొస్తుంది. కాస్త చక్కెర మిగిలి ఉన్నా అది చెప్పేదానికి అర్థం ఉండదు.

ఆల్కహాల్‌ను లెక్కగట్టే పద్ధతులు చాలానే ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం ఆ రెండో సమీకరణాన్ని ఎక్కడో ఒకచోట నుంచి సంపాదించుకునేవే. కొన్ని మొదటి రోజు కొలతను తోడు తెచ్చుకుంటాయి. కొన్ని చక్కెరను అడ్డు తొలగిస్తాయి. కొన్ని ఆల్కహాల్‌నే వెళ్లగొట్టి తేడా చూస్తాయి. ఒక పద్ధతి ఎక్కడ తప్పుతుందో తెలియాలంటే ఆ రెండో సమీకరణం దానికి ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి.

ముందు రసాయన చర్య సంగతి. పులియడంలో తూకాలు సరిపోవాలన్న ఆలోచనను ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త లవోజియే 1789లో ప్రచురించిన రసాయనశాస్త్ర గ్రంథంలో ముందుకు తెచ్చాడు. చర్యకు ముందున్న పదార్థాల బరువు, తర్వాత మిగిలిన వాటి బరువుతో సమానం కావాలన్న సూత్రాన్ని పులిసే చక్కెర మీదే ప్రయోగించి చూపించాడు. 1815లో మరో ఫ్రెంచ్ శాస్త్రవేత్త గేలుసాక్ దానికి ఒక సమీకరణ రూపం ఇచ్చాడు. నేటి భాషలో చెప్పాలంటే 180 గ్రాముల గ్లూకోజ్ నుంచి 92 గ్రాముల ఇథనాల్, 88 గ్రాముల కార్బన్ డై ఆక్సైడ్ వస్తాయి. చక్కెర బరువులో ఆల్కహాల్ వాటా 51 శాతం, మిగతాది గాలిలో కలిసిపోయే వాయువు.

ఇది కాగితం మీది లెక్క. ఈస్ట్ ఆ చక్కెరతోనే బతకాలి, కొత్త కణాలను కట్టుకోవాలి. కొంత చక్కెర గ్లిజరాల్‌గా, సక్సినిక్ ఆమ్లంగా మారుతుందని పాశ్చర్ 1860 ప్రాంతంలో తేల్చాడు. లీటరు ద్రవంలో ఒక శాతం ఆల్కహాల్ అంటే 7.89 గ్రాముల ఇథనాల్. గేలుసాక్ సమీకరణం ప్రకారం దానికి 15.4 గ్రాముల చక్కెర చాలు. ద్రాక్షసారా తయారీలో మాత్రం 16.83 గ్రాములన్న అంకె వాడతారు, చాలామంది దాన్ని 17కు సవరించుకుంటారు. అంటే కాగితం మీద రావలసిన దానిలో పదింట తొమ్మిది వంతులకు కాస్త ఎక్కువే నిజంగా చేతికి వస్తుంది. ఈ వాటా ఈస్ట్ రకాన్ని బట్టి, ఉష్ణోగ్రతను బట్టి కొద్దిగా మారుతుంది. చక్కెర ఎంత తరిగిందో చూసి ఆల్కహాల్ చెప్పే ప్రతి సూత్రంలోనూ ఈ ఊగిసలాట దాగి ఉంటుంది.

ఎక్కువమంది వాడేది ముందూ వెనకా సాంద్రత చూసే పద్ధతి. ఈస్ట్ వేయకముందు ఒకసారి, పులియడం ఆగాక మరోసారి కొలిచి, ఆ తేడాను 131.25తో గుణిస్తారు. 1.050 నుంచి 1.010కి దిగితే తేడా 0.040, ఆల్కహాల్ 5.25 శాతం. ఈ గుణకం ఎక్కడిదని అడిగేవాళ్లు తక్కువ. అడగాల్సిన ప్రశ్నే అది, ఎందుకంటే ఆ జవాబులోనే పద్ధతి గుట్టు ఉంది.

ఒక లీటరు ద్రవాన్ని తీసుకుందాం. మొదట దాని బరువు 1,050 గ్రాములు. పులిశాకా లీటరు దగ్గరే ఉంది, కానీ బరువు 1,010కి వచ్చింది. ఆ 40 గ్రాములు ఎటు పోయాయి? బుడగలుగా బయటికి పోయాయి. అది కార్బన్ డై ఆక్సైడ్. 88 గ్రాముల వాయువుకు 92 గ్రాముల ఇథనాల్ చొప్పున, 40 గ్రాములకు దాదాపు 42 గ్రాములు. ఇథనాల్ సాంద్రత 0.789 కాబట్టి 42 గ్రాములంటే 53 మిల్లీలీటర్లు. లీటరులో 53 మిల్లీలీటర్లు అంటే 5.3 శాతం. సూత్రం ఇచ్చిన 5.25 ఇదే, అంకెలను గుండ్రం చేయడంలో వచ్చిన తేడా తప్ప. ఈ పద్ధతిలో హైడ్రోమీటర్ కొలుస్తున్నది ఆల్కహాల్‌ను కాదు, చక్కెరనూ కాదు. పాత్ర వదిలి వెళ్లిపోయిన వాయువును కొలుస్తోంది.

ఈ సంగతి తెలిశాక హైడ్రోమీటర్‌తో పని లేకుండానే కొలవవచ్చన్న ఆలోచన సహజంగానే వస్తుంది. పాత్రను మూతతో, వాయువు బయటికి మాత్రమే పోయే గొట్టంతో సహా తూకం వేసి, పులిశాక మళ్లీ తూచాలి. 20 లీటర్ల ద్రవం 800 గ్రాములు తగ్గితే 836 గ్రాముల ఇథనాల్ తయారైనట్టు, అంటే మళ్లీ 5.3 శాతమే. ఉష్ణోగ్రత సవరణలు లేవు, గీతల మధ్య ఊహించి చదవడం లేదు. అయితే మొత్తం బరువు పాతిక కిలోల దాకా ఉన్నా పది గ్రాముల తేడాను పట్టగల తూకపు యంత్రం కావాలి. చిన్న సవరణ కూడా ఒకటి ఉంది. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు ద్రవంలో 1.7 గ్రాముల దాకా వాయువు కరిగే ఉంటుంది, అంటే 20 లీటర్లలో 34 గ్రాములు. అది బయటికి పోలేదు గనుక తగ్గిన బరువుకు కలుపుకోవాలి. వాయువుతో పాటు ఆవిరిగా పోయే నీరు ఏడెనిమిది గ్రాములకు మించదు. ప్రయోగశాలల్లో ఈస్ట్ పనితీరును రోజురోజుకూ గమనించడానికి ఈ పద్ధతి ఎంతో కాలంగా వాడుకలో ఉంది. ఇళ్లలో చేసేవాళ్లకు ఇది అంతగా తెలియకపోవడం నిజంగా లోటే.

మళ్లీ గుణకం దగ్గరికి వద్దాం. పైన వేసిన లెక్కలో రెండు ఊహలు ఉన్నాయి. ఘనపరిమాణం మారలేదన్నది మొదటిది, చక్కెరంతా ఆల్కహాల్, వాయువు మాత్రమే అయిందన్నది రెండోది. పల్చటి ద్రవాల్లో వీటి వల్ల వచ్చే తప్పు కనిపించదు. 19వ శతాబ్దంలో ప్రాగ్‌లో పనిచేసిన కార్ల్ బాలింగ్ ఈస్ట్ వాటాను కూడా లెక్కలోకి తెచ్చాడు. ఆయన లెక్కలో ఒక గ్రాము ఆల్కహాల్‌కు 2.0665 గ్రాముల కరిగిన పదార్థం ఖర్చవుతుంది. అందులో 0.9565 గ్రాములు వాయువు, 0.11 గ్రాములు ఈస్ట్. 1.050 నుంచి 1.010 వరకు దిగిన ద్రవానికి ఆయన సమీకరణాలు 5.3 శాతం ఇస్తాయి. అదే 1.100 నుంచి 1.010కి దిగితే సులభ సూత్రం 11.8 శాతం అంటుంది, బాలింగ్ లెక్క 12.2 దాటుతుంది. గాఢమైన ద్రవాల కోసం ప్రచారంలో ఉన్న ఇంకో సూత్రమైతే 12.9 అంటుంది. కొలతలు అవే, పరికరం అదే, జవాబుల మధ్య మాత్రం ఒక శాతానికి పైగా ఎడం. గాఢత పెరిగే కొద్దీ సూత్రాన్ని ఎంచుకోవడమే పెద్ద పొరపాటుకు మూలం కావచ్చు. ఏ సూత్రంతో లెక్క కట్టారో చెప్పకుండా బలమైన ద్రవానికి శాతం రాస్తే అది సగం సమాచారమే.

చక్కెర ఎంత మిగిలిందన్న ప్రశ్నలోనూ ఇలాంటి మాయే ఉంది. 1.050 నుంచి 1.010కి, అంటే నీటికన్నా 50 గీతల ఎత్తు నుంచి 10కి, దిగింది కాబట్టి చక్కెరలో 80 శాతం పులిసిందని అనిపిస్తుంది. నిజానికి పులిసింది సుమారు 65 శాతమే. కొత్తగా పుట్టిన ఆల్కహాల్ సాంద్రతను కిందికి లాగడంతో మిగిలిన చక్కెర ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తోంది. బీరు తయారీదారులు మొదటిదాన్ని కనిపించే తరుగుదల అనీ, రెండోదాన్ని అసలు తరుగుదల అనీ వేరు చేసి చెప్పుకునేది ఇందుకే. చక్కెర పూర్తిగా అయిపోయిన ద్రాక్షసారా 0.990 నుంచి 0.995 మధ్యకు, అంటే నీటికన్నా కిందికి, దిగడానికీ కారణం అదే. రీడింగ్ 1.000కు చేరిందని పులియడం పూర్తయిందనుకుని సీసాల్లో నింపేస్తే, మిగిలిన చక్కెర లోపల పులిసి సీసాలు పగిలే ప్రమాదం ఉంది.

సూత్రం ఎంత సరైనదైనా కొలత సరిగా లేకపోతే ఫలితం ఉండదు. రీడింగ్‌లో 0.001 తేడా వస్తే ఆల్కహాల్‌లో 0.13 శాతం తేడా వస్తుంది. పులిసిన ద్రవాన్ని జాడీలో పోయగానే హైడ్రోమీటర్ ఒంటికి సన్నని బుడగలు పట్టుకుంటాయి. అవి దాన్ని పైకి ఎత్తుతాయి, రీడింగ్ ఉండాల్సిన దానికంటే ఎక్కువ చూపిస్తుంది, ఆల్కహాల్ తక్కువగా తేలుతుంది. నమూనాను ఒక పాత్ర నుంచి మరో పాత్రలోకి కొంత ఎత్తు నుంచి పలుమార్లు తిరగబోస్తే వాయువు చాలావరకు పోతుంది. పరికరాన్ని వేశాక కాడను వేళ్లతో పట్టి ఒకసారి గిర్రున తిప్పి వదలాలి. అంటుకున్న బుడగలు రాలిపోతాయి, జాడీ గోడకు ఆనుకోకుండా నడిమధ్య నిలుస్తుంది. కాడ చుట్టూ ద్రవం పైకి ఎగబాకి ఉంటుంది. ఆ అంచును కాదు, కంటిని ద్రవ మట్టానికి దించి, చంద్రవంకలా వంగిన ద్రవ మట్టం అడుగు భాగం ఏ గీత మీద ఉందో చూడాలి.

ఉష్ణోగ్రత విషయంలో ఏమరుపాటు ఇంకా ఖరీదైనది. చాలా హైడ్రోమీటర్లను 20 డిగ్రీలకు, కొన్నింటిని 15.6 డిగ్రీలకు సరిచేసి ఉంచుతారు. ఆ అంకె లోపలి కాగితం మీదే ఉంటుంది. నీటి సాంద్రత 20 డిగ్రీల వద్ద 0.9982, 30 వద్ద 0.9957. అంటే 20కి సరిచేసిన పరికరాన్ని 30 డిగ్రీల ద్రవంలో వేస్తే 1.010 ఉండాల్సింది 1.0075గా కనిపిస్తుంది, ఆల్కహాల్ మూడో వంతు శాతం ఎక్కువగా లెక్కకొస్తుంది. లోపలి కాగితం జారి గీతలు మారిపోయిన పరికరాలు కూడా అరుదేమీ కాదు. స్వేదనజలంలో వేసి 1.000 చూపిస్తోందో లేదో అప్పుడప్పుడు సరిచూసుకోవడం మంచిది.

రెండు చుక్కలతో పని ముగించే రిఫ్రాక్టోమీటర్ పులియకముందు చక్కని పరికరం. కాంతి ఎంత వంగిందో చూసి చక్కెరను బ్రిక్స్ డిగ్రీల్లో, అంటే వంద గ్రాముల ద్రవంలో ఎన్ని గ్రాములో, చెబుతుంది. పులిశాక మాత్రం పక్కదారి పట్టిస్తుంది. నీటి వక్రీభవన గుణకం 1.333 అయితే ఇథనాల్‌ది 1.361. అంటే ఇక్కడ చక్కెర, ఆల్కహాల్ రెండూ రీడింగ్‌ను పైకే నెడతాయి. 1.050 నుంచి 1.010కి దిగిన ద్రవం రిఫ్రాక్టోమీటర్‌లో ఇంకా 6 బ్రిక్స్ దగ్గరే కనిపిస్తుంది, అంటే 1.024తో సమానం. పులియడం మధ్యలో ఆగిపోయిందేమోనని కంగారుపడి కొత్త ఈస్ట్ వేసేవాళ్లు ఎందరో ఉంటారు. అయితే ఈ బలహీనతే మరో వైపు నుంచి బలం. హైడ్రోమీటర్‌లో ఆల్కహాల్ అంకెను కిందికి లాగుతుంది, రిఫ్రాక్టోమీటర్‌లో పైకి నెడుతుంది. ఒకే నమూనాను రెండింటితోనూ కొలిస్తే రెండు తెలియని రాశులకు రెండు సమీకరణాలు దొరుకుతాయి. మొదటి రోజు కొలత రాసి పెట్టుకోనివాళ్లు కూడా ఇలా ఆల్కహాల్‌ను అంచనా వేయవచ్చు. కాకపోతే రెండు రీడింగ్‌ల చిన్న చిన్న పొరపాట్లూ ఇక్కడ కలిసి పెద్దవవుతాయి.

మొదటి కొలత లేకపోవడానికి మతిమరుపు ఒక్కటే కారణం కానక్కర్లేదు. పండ్ల ముక్కలు వేసి పులియబెడితే వాటి చక్కెర రోజుల తరబడి ద్రవంలోకి దిగుతూ ఉంటుంది, కనుక మొదటి రోజు రీడింగ్‌కు విలువ తక్కువ. మధ్యలో తేనె, చక్కెర చేర్చినా, నీళ్లు కలిపినా అంతే. అలాంటప్పుడు గతం జోలికి పోకుండా ఎదుట ఉన్న ద్రవాన్నే పరీక్షించే దారి కావాలి.

ప్రత్యేక పరికరాలు అక్కర్లేని దారి మరిగించడం. వాయువు తొలగించిన నమూనాను కచ్చితమైన ఘనపరిమాణంలో తీసుకుని సాంద్రత చూడాలి. దాన్ని దాదాపు సగమయ్యే దాకా మరిగిస్తే ఆల్కహాల్ పోతుంది, చక్కెర, ఇతర పదార్థాలు మిగులుతాయి. చల్లారాక స్వేదనజలంతో మొదటి ఘనపరిమాణానికి నింపి, అదే ఉష్ణోగ్రత వద్ద మళ్లీ సాంద్రత చూడాలి. పెరిగిన సాంద్రత పోయిన ఆల్కహాల్ వల్లనే. మొదట 0.996, తర్వాత 1.012 వస్తే తేడా 0.016. ఒకటిలోంచి దాన్ని తీసేస్తే 0.984. సుమారు 12 శాతం ఆల్కహాల్ ఉన్న నీటి సాంద్రత అది. టబారియే పేరుతో పిలిచే ఈ సంబంధం శతాబ్దంన్నరకు పైగా ద్రాక్షసారా విశ్లేషణలో వాడుకలో ఉంది. ఆల్కహాల్ ఆవిరికి నిప్పు అంటుకుంటుంది కాబట్టి మంట లేని విద్యుత్ పొయ్యి మీద, గాలి ఆడే చోట మరిగించాలి. రెండోసారి నింపేటప్పుడు మిల్లీలీటరు కూడా అటూ ఇటూ కాకుండా చూసుకోవాలి.

ఇదే ఆలోచనను తలకిందులు చేస్తే ప్రామాణిక పద్ధతి వస్తుంది. పోయే ఆవిరిని వదిలేయకుండా చల్లబరిచి పట్టుకోవాలి. ద్రాక్షసారా విశ్లేషణలో 20 డిగ్రీల వద్ద 200 మిల్లీలీటర్లు కొలిచి తీసుకుంటారు. కొలిచిన ఫ్లాస్కును నాలుగైదు సార్లు కడిగి ఆ నీటినీ కలుపుతారు, ఎందుకంటే గాజుకు అంటుకున్న చుక్క కూడా లెక్కలోదే. సున్నంలాంటి క్షారాన్ని చేర్చి ఆమ్లాలను కట్టడి చేస్తారు. లేకపోతే ఎసిటిక్ ఆమ్లం, సల్ఫర్ డై ఆక్సైడ్ కూడా ఆవిరితో వచ్చి సాంద్రతను పెంచుతాయి, ఆల్కహాల్ తక్కువగా కనిపిస్తుంది. ముప్పాతిక వంతు దాకా స్వేదనం చేశాక నీటితో మళ్లీ 200కు నింపుతారు. ఇప్పుడు చేతిలో ఉన్నది నీరు, ఆల్కహాల్ మాత్రమే. తెలియని రాశి ఒక్కటే కాబట్టి సాంద్రత ఒక్కటీ చాలు. మొదట్లో పనికిరాదన్న ఆల్కహాల్‌మీటర్ ఇక్కడ సరిగ్గా పనిచేస్తుంది.

సాంద్రత నుంచి శాతానికి వెళ్లడానికి మాత్రం సూటి గుణకారం కుదరదు. 50 మిల్లీలీటర్ల ఇథనాల్‌ను 50 మిల్లీలీటర్ల నీటిలో కలిపితే వంద రాదు, 96, 97 మధ్యనే వస్తుంది. నీరు, ఆల్కహాల్ అణువులు ఒకదానికొకటి మరింత దగ్గరగా సర్దుకుంటాయి. ఈ కుదింపు అన్ని గాఢతల్లోనూ ఒకేలా ఉండదు. అందుకే ప్రయోగాలతో తయారుచేసిన పట్టికలు తప్పనిసరి. గేలుసాక్ 1824లో తన శతాంశ ఆల్కహాల్‌మీటర్‌తో పాటు అలాంటి పట్టికలే ఇచ్చాడు. ఇప్పటి అంతర్జాతీయ పట్టికలు 20 డిగ్రీలను ఆధారంగా తీసుకుంటాయి. శాతం ఘనపరిమాణంలోదా బరువులోదా అన్నది కూడా చూసుకోవాలి. ఘనపరిమాణంలో 5 శాతం అంటే బరువులో దాదాపు 4 శాతమే.

మరుగు స్థానం చూసే ఎబులియోమీటర్ గురించి కొద్దిగా. ఇథనాల్ 78.3 డిగ్రీల వద్ద, నీరు 100 వద్ద మరుగుతాయి, మిశ్రమం వాటి మధ్యలో ఎక్కడో మరుగుతుంది. వాతావరణ పీడనం మారితే అంకె మారుతుంది కనుక ప్రతి పూటా ముందుగా మంచినీళ్లు మరిగించి ఆధారం చూసుకోవాలి. చక్కెర ఎక్కువున్న వాటికి నమూనాను పల్చన చేయక తప్పదు. కేశనాళికతో పనిచేసే చిన్న వైనోమీటర్ చక్కెర లేని ద్రవాలకు ఉజ్జాయింపు ఇస్తుంది, తీపి ఉన్నవాటికి కొనకపోవడమే మేలు.

పరిశ్రమల్లో ఇప్పుడు గాజు హైడ్రోమీటర్ల వాడకం తగ్గింది. కంపించే యు ఆకారపు సన్నని గొట్టంలో ద్రవాన్ని నింపి, కంపనం ఎంత నెమ్మదించిందో చూసి సాంద్రత చెప్పే పరికరాలు 1967 నుంచి మార్కెట్లో ఉన్నాయి. వాటికి పరారుణ కాంతితో ఇథనాల్‌ను గుర్తించే మరో పరికరాన్ని జోడిస్తే రెండో సమీకరణం కూడా క్షణాల్లో దొరుకుతుంది, స్వేదనం అవసరం ఉండదు. గ్యాస్ క్రొమాటోగ్రఫీ ఇంకో మెట్టు పైన ఉంటుంది. ఇథనాల్‌ను మిగతా అన్నిటి నుంచీ విడదీసి, తెలిసిన మోతాదులో కలిపిన మరో పదార్థంతో పోల్చి కొలుస్తుంది. మెథనాల్‌ను కూడా వేరుగా చూపించగలగడం దాని అదనపు బలం. సాంద్రత పద్ధతులకు ఆ చూపు లేదు.

ఈ ఖరీదైన దారి ఎక్కడ తప్పనిసరో కొంబూచా (తీపి టీని పులియబెట్టి చేసే పానీయం) చూపిస్తుంది. అందులో ఈస్ట్‌తో పాటు ఎసిటిక్ ఆమ్ల బాక్టీరియా కూడా ఉంటాయి. ఈస్ట్ చక్కెరను ఆల్కహాల్ చేస్తుంటే బాక్టీరియా గాలిలోని ఆక్సిజన్‌తో ఆ ఆల్కహాల్‌ను ఆమ్లంగా మారుస్తుంటాయి, కొంత గ్లూకోజ్‌ను నేరుగా గ్లూకోనిక్ ఆమ్లం చేస్తాయి. చక్కెర తరిగినంత మాత్రాన ఆల్కహాల్ మిగిలి ఉందని అనలేం, బయటికి పోయిన వాయువు బరువు కూడా ఏమీ రుజువు చేయదు. సాంద్రత తేడాను 131.25తో గుణించి వచ్చే అంకె ఇక్కడ అర్థం లేనిది. అమెరికాలో ఆల్కహాల్ 0.5 శాతానికి చేరితే ఆ పానీయం మద్యపానీయాల నిబంధనల కిందికి వస్తుంది, కాబట్టి దశాంశ స్థానమే నిర్ణయాత్మకం. అందుకే సీసాలో ద్రవం పైన చేరిన ఆవిరిని తీసి గ్యాస్ క్రొమాటోగ్రఫీతో పరీక్షిస్తారు. ఆ నమూనాను కూడా బిగుతుగా మూసి, చల్లగా ఉంచి ప్రయోగశాలకు చేర్చాలి. వేడిలో వదిలేస్తే ఈస్ట్ సీసాలోనే పని కొనసాగిస్తుంది, నింపిన రోజు 0.4 శాతం ఉన్నది పరీక్షనాటికి గీత దాటవచ్చు.